సర్వర్లో పెట్టిన ఫైలు మళ్లీ దొరకాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది ప్రింటింగ్ ప్రెస్సు, డిజైన్ సెక్షన్లో ఎనిమిది మంది ఉన్నారు, నిరుడు ఒక నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్లు పెట్టుకునే చిన్న సర్వర్) కొన్నారు, అప్పట్నుంచి అందరూ అందులోనే ఫైళ్లు పెడుతున్నారు. ఒకరు "పెట్టాను" అంటారు, పక్క సిస్టం ముందు కూర్చున్న మనిషికి అది కనబడదు. నిరుటి శుభలేఖే మళ్లీ కావాలని పార్టీ వచ్చి కూర్చుంటే వెతకడానికి గంట పడుతోంది. మంచి సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనమంటారా, లేక అంతా గూగుల్ డ్రైవ్‌లోకి మార్చేయమంటారా అని అడిగారు.

రెండూ వద్దండి. మీ దగ్గరున్న నాస్ సరిపోతుంది. ఫైలు దొరుకుతుందా లేదా అన్నది వెతికేటప్పుడు తేలే విషయం కాదు, సర్వర్లో పెట్టేటప్పుడే తేలిపోతుంది. కాబట్టి ఖర్చు పెట్టాల్సింది డబ్బు కాదు, పెట్టే పద్ధతి మీద శ్రద్ధ. ఫైలు పేరులో ఆర్డరు నంబరు తప్పనిసరిగా ఉండాలి. బయటినుంచి వచ్చే ప్రతి ఫైలూ ఒకే ఫోల్డరు ద్వారా లోపలికి రావాలి. వెతకడం మీ సిస్టంలో కాకుండా సర్వర్లోనే జరగాలి. ఇక "పెట్టాను, లేదు" అనే గొడవ దీనికి సంబంధం లేనిది, దాని కారణాలు వేరు, అది ఒక్క సాయంత్రంలో తీరిపోతుంది. నేను విజయవాడ, గుంటూరు వైపు చిన్న ఆఫీసులకి, ప్రెస్సులకి, ఆడిటర్లకి సర్వర్లు పెట్టి చూసుకునే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఈ గొడవ లేని ఆఫీసు నాకు ఇంతవరకు తగల్లేదు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

పెట్టినా పక్కవాళ్లకి ఎందుకు కనబడదు

అన్నిటికన్నా ఎక్కువగా నేను చూసేది డ్రైవ్ అక్షరం తేడా. ఒక సిస్టంలో సర్వర్ ఫోల్డరు జెడ్ డ్రైవ్‌గా ఉంటుంది, ఇంకోదాంట్లో వై డ్రైవ్‌గా ఉంటుంది, మూడోదాంట్లో డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ మాత్రమే ఉంటుంది. "జెడ్‌లో వర్క్స్‌లో పెట్టాను చూడు" అని ఒకరంటే రెండోవాళ్ల జెడ్ అసలు వేరే ఫోల్డరు. ఇంకా ఘోరం ఏమిటంటే చాలామంది సిస్టంలో, డీ డ్రైవ్‌లో కూడా "వర్క్స్" అనే ఫోల్డరే ఉంటుంది, సర్వర్ రాకముందు అక్కడే పని చేసేవాళ్లు కాబట్టి. చేయి అలవాటుగా అందులోకే పోతుంది. ఆయన నిజంగానే పెట్టాడు, అబద్ధమేమీ చెప్పలేదు, కాకపోతే తన సొంత హార్డ్‌డిస్కులో పెట్టాడు. ఎనిమిది సిస్టంలలోనూ ఒకే అక్షరం ఇవ్వండి, లోకల్ డ్రైవ్‌లో ఉన్న పాత ఫోల్డరు పేరు మార్చేయండి. సగం గొడవ ఇక్కడే పోతుంది.

రెండోది పర్మిషన్లు. ఇది కాస్త లోతైన విషయం, ఓపిగ్గా చదవండి. విండోస్ సర్వర్లో ఒక ఫైలును ఇంకో ఫోల్డర్లోకి కాపీ చేస్తే అది కొత్త చోటి పర్మిషన్లు తీసుకుంటుంది. అదే డ్రైవ్ లోపల కట్ చేసి పేస్ట్ చేస్తే మాత్రం పాత పర్మిషన్లే పట్టుకుని వస్తుంది. అంటే ఒక డిజైనర్ తన సొంత ఫోల్డర్లో ఫైలు తయారుచేసి, పనయ్యాక కట్ చేసి అందరి ఫోల్డర్లో పడేస్తే, ఆ ఫైలు అందరి ఫోల్డర్లో ఉన్నా తెరవగలిగేది ఆయన ఒక్కడే. పర్మిషన్ లేని ఫైళ్లను అసలు చూపించకుండా దాచే సెట్టింగు కూడా ఒకటుంటుంది, అది ఆన్‌లో ఉంటే పక్కవాళ్లకి పేరు కూడా కనబడదు. నాస్‌లలోనూ చాలావాటిలో ఇలాంటిదే జరుగుతుంది. వాటి లోపల ఉండేది లినక్స్, ఒకరు తయారుచేసిన ఫైలు వాళ్ల పేరు మీదే ఉండిపోతుంది. దీనికి మందు: డిజైనర్లందరినీ ఒక గ్రూపులో పెట్టి, పర్మిషన్లు మనుషులకి కాకుండా గ్రూపుకే ఇవ్వండి. పాత ఫైళ్ల కోసం పై ఫోల్డరు మీద "లోపలున్నవాటన్నిటికీ ఇదే వర్తింపజేయి" అనే టిక్ ఒకసారి పెట్టి వదిలేయండి, రాత్రంతా నడుస్తుంది, పొద్దునకి సరిపోతుంది.

మూడోది సింక్. మీరు నాస్‌తో వచ్చిన డ్రైవ్ యాప్ వాడుతుంటే, ఫైలు మీ సిస్టంలో సేవ్ అవ్వడం వేరు, సర్వర్‌కి చేరడం వేరు. పచ్చ టిక్కు పడేదాకా అది పక్కవాళ్లకి లేనట్టే. పెద్ద ఫొటోషాప్ ఫైలైతే ఆ టిక్కు పడటానికి చాలా నిమిషాలు పడుతుంది, ఈలోగా సిస్టం ఆపేసి ఇంటికెళ్లిపోతే మర్నాడు పొద్దున మళ్లీ ఆ సిస్టం ఆన్ చేసేదాకా ఆ ఫైలు సర్వర్‌కి రాదు. ఒకే గదిలో కూర్చుని పనిచేసే వాళ్లకి ఈ సింక్ యాప్ అవసరం లేదని నా అభిప్రాయం. నేరుగా నెట్‌వర్క్ డ్రైవ్ మీదే పని చేయండి.

ఇంకో రెండు మాటలు. విండోస్ ఒక సిస్టం నుంచి ఒకే సర్వర్‌కి రెండు వేర్వేరు యూజర్ పేర్లతో ఒకేసారి వెళ్లనివ్వదు. పొద్దున ఓనరుగారి పేరుతో ఎవరో లాగిన్ అయి ఉంటే, మధ్యాహ్నం మీ పేరుతో పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటుంది, పాస్‌వర్డ్ కరెక్టే అయినా సరే. కంట్రోల్ ప్యానెల్లో క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి వెళ్లి పాతది తీసేసి, లాగాఫ్ అయి రండి. అలాగే విండోస్ 11 ప్రో సిస్టంలలో 24హెచ్2 అప్‌డేట్ పడ్డాక పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు తెరుచుకోవడం మానేశాయి. "నిన్నటిదాకా బాగానే ఉంది" అనే ఫోన్లు నాకు ఎక్కువగా దీని గురించే వస్తున్నాయి. దానికి ప్రతివాళ్లకీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వడమే సరైన దారి. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని ఎస్‌ఎంబీ 1 (విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) మాత్రం ఆన్ చేయకండి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఆ పాత ప్రోటోకాల్లో ఉన్న కన్నం గుండానే.

పెట్టేటప్పుడు జరిగే నష్టాలు

స్పీడ్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి, ఎందుకంటే నిదానంగా ఎక్కే సర్వర్లో ఎవరూ ఫైళ్లు పెట్టరు, తమ సిస్టంలోనే దాచుకుంటారు, తర్వాత వెతుకులాట అక్కడ మొదలవుతుంది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) కేబుల్ సరిగ్గా ఉంటే సెకనుకి 110 ఎంబీ దాకా వెళ్తుంది. అంటే 20 జీబీ ఆల్బమ్ ఫొటోలు మూడు నిమిషాల పని. అదే లైను 100 ఎంబీపీఎస్‌కి పడిపోతే సెకనుకి 11 ఎంబీ, అరగంట. ఎందుకు పడిపోతుందంటే, కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి, 100 స్పీడుకి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. క్రింపింగ్‌లో (కేబుల్ చివర ప్లగ్గు బిగించడంలో) ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోయినా, టేబుల్ కాలి కింద నలిగినా, చాలాసార్లు నెట్ ఆగదు, చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. అందుకే ఎవరూ కనిపెట్టరు. ప్రతి సిస్టంలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి, 1000 అని లేకపోతే ముందు కేబుల్ మార్చండి.

వెయ్యి చిన్న ఫైళ్ల కంటే ఒక పెద్ద ఫైలు త్వరగా ఎక్కుతుంది. ఇన్‌డిజైన్లో ప్యాకేజ్, కోరల్లో కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్ అని ఉంటాయి, అవి ఫాంట్లు, లింకు ఫొటోలు అన్నీ ఒక ఫోల్డర్లోకి తెస్తాయి. పని పూర్తయ్యాక దాన్ని జిప్ చేసి పెట్టండి. ఆరు నెలల తర్వాత తీసినప్పుడు "ఫాంట్ లేదు, ఫొటో లేదు" అనే టెన్షన్ ఉండదు. అసలు ఫైలు దొరికినా ఫాంటు దొరకకపోతే ఏం లాభం?

ఇక సగం ఎక్కిన ఫైళ్ల సంగతి. ఎఫ్‌టీపీతో (నెట్ మీదుగా సర్వర్‌కి ఫైళ్లు ఎక్కించే పద్ధతి) గానీ ఫోన్ యాప్‌తో గానీ అప్‌లోడ్ చేస్తున్నప్పుడు ఎక్కడం మొదలవగానే చాలాసార్లు ఆ పేరు ఫోల్డర్లో కనబడిపోతుంది. అది చూసి పక్కవాళ్లు తెరుస్తారు, పాడైపోయిందని వస్తుంది, లేదా అంతకన్నా ప్రమాదంగా, సగం ఫొటోతో తెరుచుకుంటుంది. నాకు తెలిసిన ఒక ప్రెస్సులో కరపత్రం కోసం పార్టీ పంపిన బొమ్మ ఇలాగే సగం ఎక్కి ఉండగా తీసి వాడేశారు, కింది భాగం బూడిదరంగు పట్టీలా ప్లేటు మీదకి వెళ్లింది. ఆ ప్లేటు పారేయాల్సి వచ్చింది. దీనికి నేను పెట్టే నియమం: బయటినుంచి వచ్చేవన్నీ "వచ్చినవి" అనే ఒక్క ఫోల్డర్లో పడాలి, అక్కడ నేరుగా ఎవరూ ఏదీ తెరవకూడదు. ఎక్కడం పూర్తయిందని చూసుకుని, పేరు పెట్టి, ఆ తర్వాతే పని ఫోల్డర్లోకి పంపాలి. ఒకే షేర్డ్ ఫోల్డరు లోపల పంపడం క్షణంలో అయిపోతుంది, అక్కడ సగం సగం అనే మాటే ఉండదు. ముఖ్యమైన పెద్ద ఫైలు పూర్తిగా వచ్చిందో లేదో అనుమానముంటే, పంపినవాళ్ల దగ్గర, మీ దగ్గర సైజు బైట్లలో సరిచూడండి. ఇంకా గట్టిగా కావాలంటే సెవెన్ జిప్ వేసుకుంటే రైట్ క్లిక్‌లో చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి నంబరు) వస్తుంది, రెండు వైపులా అదే వస్తే ఫైలు అక్షరం పొల్లుపోకుండా వచ్చినట్టు.

పార్టీ ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, అది మీకు తెలిసిందే. డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. దానికన్నా మంచిది నాస్‌లో ఫైల్ రిక్వెస్ట్ లింకు. సైనాలజీ కంపెనీ నాస్‌లలో ఆ పేరుతోనే ఉంటుంది, నెక్స్ట్‌క్లౌడ్‌లో (సొంత సర్వర్లో పెట్టుకునే గూగుల్ డ్రైవ్ లాంటిది) ఫైల్ డ్రాప్ అంటారు. ఆ లింకు నొక్కినవాళ్లు పెట్టగలరు గానీ లోపల ఏమున్నాయో చూడలేరు. నెక్స్ట్‌క్లౌడ్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక: దాని డేటా ఫోల్డర్లో నేరుగా ఫైళ్లు కాపీ చేస్తే అవి వెబ్‌లో కనబడవు, స్కాన్ కమాండ్ ఇస్తేనే దాని లెక్కలోకి వస్తాయి. పెద్ద ఫైలు ఎక్కుతూ ఎక్కుతూ 413 అనే ఎర్రర్‌తో ఆగిపోతే తప్పు మీ నెట్‌ది కాదు, వెబ్ సర్వర్లో పెట్టిన హద్దుది. ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్లో ఏమీ మార్చకపోతే ఆ హద్దు 1 ఎంబీయే, దాని వెనక నెక్స్ట్‌క్లౌడ్‌ని నడిపే పీహెచ్‌పీలో ఒక ఫైలుకి 2 ఎంబీ. రెండుచోట్లా పెంచాలి.

పేరు

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, తీరేదీ ఇక్కడే.

మీవాళ్లు ఇప్పుడు "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "రావుగారి కార్డు కరెక్షన్" అని పెడుతుంటారు. ఆ రోజుకి అది అర్థమవుతుంది. ఏడాది పోయాక సర్వర్లో రావుగార్లు వందమంది ఉంటారు. నేను ప్రెస్సులకి చెప్పే పేరు ఇలా ఉంటుంది:

2025-02-14_4127_3390_శుభలేఖ_ప్రూఫ్2

మొదటిది తేదీ, ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. మన అలవాటు ప్రకారం 14-02-2025 అని రాస్తే అన్ని నెలల 14వ తేదీలూ ఒకచోట కుప్పపడతాయి. ఏడాది ముందు పెడితే పేరు ప్రకారం సార్ట్ చేసినా తేదీ వరసలోనే వస్తాయి. ఫైలు మీద కంప్యూటర్ చూపించే తేదీని నమ్మకండి, విండోస్‌లో కాపీ చేస్తే క్రియేటెడ్ తేదీ మారిపోతుంది, ఎఫ్‌టీపీలో ఎక్కిస్తే ఆ సెట్టింగు పెట్టుకోకపోతే మాడిఫైడ్ తేదీ కూడా మారిపోతుంది. పేరులో రాసిన తేదీ మాత్రం ఎక్కడికి కాపీ చేసినా మారదు.

రెండోది మీ ఆర్డరు పుస్తకంలో నంబరు. బిల్లు మీద ఉండేదే. ఇది ఉంటే రిజిస్టరు నుంచి ఫైలుకి, ఫైలు నుంచి రిజిస్టరుకి దారి ఉంటుంది.

మూడోది పార్టీ ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు. ఇది నాకు ఎక్కువ ఇష్టమైన ఏర్పాటు. ఏడాది తర్వాత వచ్చే పార్టీకి బిల్లు నంబరు గుర్తుండదు, బిల్లు కాగితం ఇంట్లో ఎక్కడుందో కూడా తెలియదు. ఫోన్ నంబరు మాత్రం అడగ్గానే చెప్తారు. నాలుగంకెలు కొట్టగానే రెండో మూడో ఫైళ్లు వస్తాయి, తేదీ చూసి తీసేయొచ్చు. పూర్తి నంబరు పెట్టకండి, అది అందరూ చూసే చోట ఉండాల్సింది కాదు.

పార్టీ పేరు పెట్టొద్దా అంటే, పెట్టండి, కానీ దాన్ని నమ్ముకుని వెతకొద్దు. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో ఒక డిజైనర్ ఎక్స్ వేసి రాస్తే ఇంకొకరు కే, ఎస్, హెచ్ వేసి రాస్తారు, చివర ఒక ఐ చాలనేవాళ్లు ఉన్నారు, రెండు ఈలు వేసేవాళ్లూ ఉన్నారు. సరే, తెలుగులోనే పెడదామంటే అక్కడా చిక్కే. పెళ్లి, పెళ్ళి రెండూ సరైనవే, ఒకదానితో వెతికితే రెండోది దొరకదు. ఇంకొక చిక్కు కంటికి కనబడదు: "బిల్‌బుక్" అని టైపు చేసేటప్పుడు ల, బ కలిసి ఒత్తు పడకుండా మధ్యలో ఒక కనబడని అక్షరం వస్తుంది. కొన్ని కీబోర్డులు దాన్ని తామే వేసేస్తాయి, ఫోన్లో రాసినప్పుడు ఒకలా, సిస్టంలో రాసినప్పుడు ఒకలా ఉంటుంది. చూడటానికి రెండు పేర్లూ ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం రెండూ వేరు. ఒకే ఫోల్డర్లో అచ్చం ఒకేలా కనబడే రెండు ఫైళ్లు పక్కపక్కన ఉండటం నేను చూశాను, ఆఫీసులో అందరూ వైరస్ అనుకున్నారు. పాత మ్యాక్ నుంచి వచ్చిన పేర్లలో ఐత్వం ఉన్నచోట కూడా ఇలాంటిదే జరగొచ్చు. అంకెలకి ఈ బాధలేవీ లేవు, అందుకే అంకెల మీద ఇంత పట్టుపడుతున్నాను.

తెలుగు పేరు పొడుగు గురించీ చెప్తాను. నాస్ లోపలి లినక్స్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకీ విడివిడిగా మూడేసి. "పెళ్లి" అనే చిన్న మాటకే 18 బైట్లు. విండోస్‌లో హాయిగా సేవ్ అయిన పొడుగు తెలుగు పేరు సర్వర్‌కి కాపీ చేయబోతే ఎక్కదు, ఎందుకో సరిగ్గా చెప్పదు కూడా. సైనాలజీలో పాత పద్ధతి ఫోల్డర్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లకి హద్దు ఇంకా తక్కువ, 143 బైట్లే. విండోస్ వైపు ఫోల్డర్ల పేర్లతో కలిపి దారి మొత్తం 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు ఆ ఫైలును తెరవలేవు. కాబట్టి పేర్లు పొట్టిగా, ఫోల్డర్లు తక్కువ లోతుగా. పేరులో స్లాష్, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం లాంటి గుర్తులు వద్దు. మ్యాక్ వాళ్లు అవి పెట్టి పంపిస్తే విండోస్‌లో ఆ పేరు పిచ్చిగా కనబడుతుంది.

ఫోల్డర్ల విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. ఏడాది, దానిలో నెల, దానిలో ఆర్డరు. అంతే, మూడు మెట్లు. ఏటా వచ్చే స్కూళ్లు, ఆసుపత్రుల్లాంటి పార్టీలకి మాత్రం విడిగా ఫోల్డరు ఉంచండి. ఇది ప్రెస్సుకి నప్పే పద్ధతి, అందరికీ నప్పదు. ఆడిటర్ల ఆఫీసులో నేను క్లయింటు ముందు, ఏడాది తర్వాత పెడతాను, ఎందుకంటే అక్కడ మనిషి మారడు, ఏడాదులు మారతాయి. అక్కడ పేర్ల గొడవ వేరేలా ఉంటుంది: "2024-25" అని ఫోల్డరు ఉంటుంది, అది ఆర్థిక సంవత్సరమా, అసెస్‌మెంట్ ఇయరా ఎవరికీ తెలియదు, 2023-24 ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 కాబట్టి రెండు వేర్వేరు ఏళ్ల కాగితాలు ఒకే ఫోల్డర్లో కలిసిపోతాయి. ఒక ఆఫీసులో ఫోల్డరు పేరు ముందు ఎఫ్‌వై (ఆర్థిక సంవత్సరం) లేదా ఏవై (అసెస్‌మెంట్ ఇయర్) అని రెండక్షరాలు తప్పనిసరి చేశాం, ఆ గొడవ ఆగిపోయింది.

వెతకడం

ఇప్పుడు మీరు అడిగిన సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం. విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవ్ తెరిచి పైన పెట్టెలో కొట్టి వెతికితే నిమిషాలు నిమిషాలు పచ్చగీత పాకుతూ ఉంటుంది కదా. దానికి కారణం, మీ సిస్టం ఒక్కో ఫోల్డరునీ కేబుల్ మీదుగా తెరిచి చూసుకుంటూ పోతోంది. ముందే రాసిపెట్టుకున్న జాబితా దాని దగ్గర లేదు. అదే సర్వర్ తన డిస్కులో ఉన్నవాటికి తనే జాబితా వేసుకుంటే జవాబు వెంటనే వస్తుంది. సైనాలజీలో యూనివర్సల్ సెర్చ్, క్యూనాప్ కంపెనీ నాస్‌లలో క్యూసర్చ్ ఇందుకే ఉన్నాయి, ఉచితమే. కాకపోతే సైనాలజీలో ఏ ఫోల్డర్లను జాబితా వేయాలో మీరే చేర్చాలి. చాలామంది దాన్ని ఇన్‌స్టాల్ చేసి, ఫోల్డరు చేర్చకుండా, "ఇది పనిచేయదండి" అంటారు. మొదటిసారి జాబితా వేసేటప్పుడు నాస్ బాగా నెమ్మదిస్తుంది, ఆదివారం పెట్టుకోండి.

ఎవ్రీథింగ్ అనే చిన్న ప్రోగ్రాము విండోస్‌లో మెరుపులా వెతుకుతుందని మీకు ఎవరైనా చెప్పి ఉంటారు, నిజమే. అది సొంత హార్డ్‌డిస్కు మీద అంత వేగంగా పనిచేస్తుంది, డిస్కులో ముందే ఉన్న ఫైళ్ల పట్టికను నేరుగా చదువుతుంది కాబట్టి. నెట్‌వర్క్ డ్రైవ్ అయితే విడిగా చేర్చాలి, కొంత సమయానికోసారి మళ్లీ చూసుకుంటుంది, ఇప్పుడే పెట్టిన ఫైలు ఇప్పుడే రాకపోవచ్చు. అయినా వాడుకోవచ్చు, పేర్లు బాగుంటే ఇది చాలు.

పేరు కాకుండా ఫైలు లోపలి మాటలతో వెతకొచ్చా అంటే, ప్రెస్సులో దాదాపు కుదరదు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు, కంప్యూటర్‌కి అది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. తెరమీద "శుభముహూర్తం" అని చక్కగా కనబడుతున్నా ఆ మాటతో వెతికితే రాదు. పైగా ప్లేటుకి పంపేముందు అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చేస్తారు, ఆ తర్వాత అందులో అక్షరాలే ఉండవు, గీతలే ఉంటాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లకి టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని చదివే ప్రోగ్రాము) ఉంది, తెలుగు చదువుతుంది, ఆడిటర్లకి, లాయర్లకి పనికొస్తుంది. మీకు దానికన్నా పనికొచ్చేది ఇంకొకటి ఉంది.

ప్రతి పనికీ ప్రూఫ్ జేపెగ్ ఒకటి అదే పేరుతో పక్కన పెట్టండి. పార్టీకి వాట్సాప్‌లో చూపించడానికి ఎలాగూ చేస్తారు కదా, దాన్నే సేవ్ చేయండి. కోరల్ లేని సిస్టంలో కోరల్ ఫైలు ఒట్టి తెల్ల బొమ్మగానే కనబడుతుంది. జేపెగ్ ఉంటే నెల ఫోల్డరు తెరిచి పెద్ద ఐకాన్లు పెట్టుకుని చూస్తే, "అదిగో, ఆ మెరూన్ రంగు మీద బంగారు వినాయకుడు" అని పార్టీయే వేలు పెట్టి చూపిస్తుంది. నంబరు దొరకనప్పుడు, పేరు తప్పుగా రాసినప్పుడు, ఏదీ లేనప్పుడు కూడా ఇది పనిచేస్తుంది. కౌంటరులో కూర్చునే మనిషి డిజైనర్ని పిలవకుండానే ఫైలు తేల్చేస్తుంది.

ఇంకొక చిన్న పని. కోరల్ తనంతట తానే "బ్యాకప్ ఆఫ్" అని మొదలయ్యే ఫైళ్లు వేస్తుంటుంది. వెతికితే అసలుదీ, ఇదీ రెండూ వస్తాయి, తొందరలో పాతదాన్ని తెరిచి కరెక్షన్లు లేకుండానే ప్రింటుకి పంపేస్తారు. కోరల్ సెట్టింగుల్లో ఆ బ్యాకప్‌లు వేరే ఫోల్డర్లో పడేలా మార్చేయండి.

పాతవాటిని ఏం చేయాలి

ఏడాదిగా కలగాపులగంగా పడి ఉన్నవాటిని సర్దడానికి మాత్రం కూర్చోకండి. ఎవరో ఉత్సాహంగా మొదలుపెడతారు, మాఘమాసం ముహూర్తాల ఆర్డర్లు మీద పడగానే ఆపేస్తారు, అప్పుడు సగం కొత్త పద్ధతిలో, సగం పాత పద్ధతిలో ఉండి ఇప్పటికన్నా అన్యాయంగా తయారవుతుంది. ఉన్నవన్నీ ఉన్నట్టుగా "పాతవి" అనే ఫోల్డర్లోకి తోసేసి, చదవడానికి మాత్రమే పర్మిషన్ ఇవ్వండి. ఒకటో తారీఖు నుంచి వచ్చే కొత్త పనులకి కొత్త పేర్లు. పాత పార్టీ మళ్లీ వచ్చినప్పుడు ఆ ఒక్క ఫైలునీ పాతవాటిలోంచి కాపీ చేసి కొత్త నంబరుతో కొత్త చోట పెట్టండి. మళ్లీ అవసరమయ్యేవి ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి, మిగతావాటిని సర్దే అవసరమే రాదు.

"వచ్చినవి" ఫోల్డరు ఎవరు చూస్తారన్నది ముందే తేల్చండి. ఒక్క మనిషి, పేరు పెట్టి. అందరి బాధ్యత అంటే ఎవరూ చేయరు. ఆ మనిషి సాయంత్రం వెళ్లేముందు అది ఖాళీగా ఉండాలి.

గూగుల్ డ్రైవ్, ఇంటినుంచి తెరవడం

గూగుల్ డ్రైవ్ పార్టీలతో ఇచ్చిపుచ్చుకోవడానికి బాగుంటుంది. కానీ ఎనిమిది మంది పెద్ద పెద్ద ఫొటోషాప్ ఫైళ్ల మీద రోజంతా పనిచేయడానికి ఆఫీసులో ఉన్న కేబుల్‌ని వదిలి ఇంటర్నెట్ మీద ఆధారపడటం తెలివైన పని కాదు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది కూడా మెయిల్, ఫొటోలతో కలిపి, మీకు వారానికి కూడా రాదు.

ఇంటినుంచి నాస్ తెరవాలంటే రూటర్లో పోర్టు (బయటివాళ్లు నేరుగా లోపలికి వచ్చే ద్వారం) తెరవమని ఎవరైనా చెప్తే వినకండి. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇలా ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి పెట్టిన క్యూనాప్ లాంటి నాస్‌ల మీదే పడింది, ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగింది. పైగా మన దగ్గర చాలా కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే అడ్రసు వెనక ఎందరో ఉంటారు, పోర్టు తెరిచినా పనిచేయదు. టెయిల్‌స్కేల్ లాంటి ప్రోగ్రాము (ఇంటర్నెట్ మీదుగా మీ సిస్టంలని మాత్రమే ప్రైవేటుగా కలిపేది) నాస్‌లో, మీ ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే పోర్టులేవీ తెరవకుండానే ఆఫీసులో ఉన్నట్టు తెరుచుకుంటుంది.

చివరిగా, ఇదంతా మొదలుపెట్టేముందు చేయాల్సింది ఒకటుంది. నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఫైలు డిలీట్ చేస్తే అది మీ సిస్టం రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. నాస్‌లో ఒక్కో షేర్డ్ ఫోల్డరుకీ విడిగా రీసైకిల్ బిన్ ఆన్ చేసుకోవాలి, మీ మోడల్లో స్నాప్‌షాట్లు (ఫైళ్లు ఫలానా సమయానికి ఎలా ఉన్నాయో అలా దాచిపెట్టేవి) ఉంటే అవీ పెట్టుకోండి. నాస్‌లో రెండు డిస్కులున్నాయి కదా అని ధీమాగా ఉండొద్దు, ఒకదాంట్లో డిలీట్ అయితే రెండోదాంట్లోనూ అదే క్షణంలో డిలీట్ అవుతుంది. బయట ఒక యూఎస్‌బీ డిస్కులోకి వారానికోసారి కాపీ తీసి, దాన్ని నాస్‌కి తగిలించి ఉంచకుండా వేరేచోట పెట్టండి. ఫైళ్లను "పాతవి"లోకి తోసే పని ఈ కాపీ తీశాకే చేయండి. మీ నాస్ ఏ కంపెనీది, ఏ మోడల్, లోపల ఎన్ని టీబీలు నిండాయో ఇక్కడ రాస్తే పర్మిషన్ల సెట్టింగు, జాబితా సెట్టింగు ఎక్కడుంటాయో మెనూ పేర్లతో సహా చెప్తాను.